యాభైల నాటి అమెరికన్ కారు కట్టించుకోవాలంటే: ఏ కారు, ఏ ఇంజన్, ఎంతవరకు విప్పాలి

మా బావమరిదికి ఈమధ్యే నలభై నిండాయి. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. "బావా, 1951 మెర్క్యురీ ఒకటి అమ్మకానికి ఉంది, టాప్ నాలుగంగుళాలు కోయించి, నేలకి ఆనేంత కిందికి దించి, ఎల్ఎస్ ఇంజన్ పెట్టించేస్తా, ఎంతవుద్దంటావ్?" అన్నాడు. (టాప్ కోయడమంటే స్తంభాల్లో ముక్క తీసి రూఫు ఎత్తు తగ్గించడం, ఎల్ఎస్ అంటే జనరల్ మోటార్స్ వాళ్ల కొత్తతరం వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్.) నేను ఇంజన్ మాట ఎత్తలేదు. "అందులో ఎవరెవరు కూర్చుంటారు?" అని అడిగా. అవతల కాసేపు చప్పుడు లేదు. ఇద్దరు పిల్లలు, మా చెల్లెలు, ఏడాదిలో ఆర్నెల్లు వాళ్లింట్లోనే ఉండే మా అత్తగారు. టాప్ కోసిన మెర్క్యురీలో అత్తగారు ఎక్కడం సంగతి అటుంచండి, దిగడం ఎలా?

వాడికి ఆ రోజు గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నా. నేనుండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. నా దగ్గర 1955 షెవర్లే 210 ఉంది, నాలుగు డోర్లది, నాలుగేళ్లు పట్టింది దాన్ని రోడ్డెక్కించడానికి. అందులో కనీసం ఏడాదిన్నర నా తెలివితక్కువ వల్లే పోయింది. జనం నెలల తరబడి ఇంజన్ గురించి వాదించుకుంటారు గానీ డబ్బు పోయేది అక్కడ కాదు. తుప్పు దగ్గర, పెయింటు దగ్గర, క్రోమ్ దగ్గర పోతుంది. ఇంజన్ మూడు రోజుల్లో దించి ఇంకోటి పెట్టుకోవచ్చు. కుళ్లిన ఫ్లోరు, వంకర పోయిన ఫ్రేము అలా కాదు. కాబట్టి ముందు ఎవరు ఎక్కుతారు, ఎంత దూరం వెళ్తారు అన్నది తేల్చుకోండి, ఆ తర్వాత బాడీ, ఆ తర్వాత బ్రేకులు, చివర్న ఇంజన్.

ఏ కారు

మొదటిసారి కట్టించుకునేవాళ్లకి నా ఓటు 1955, 56, 57 షెవర్లేలకే. ఈ మూడేళ్ల కార్లని కలిపి ట్రై-ఫైవ్ అంటారు. ఏటా 15 లక్షలకు పైగా తయారయ్యాయి, అందుకే డెబ్బై ఏళ్ల తర్వాత కూడా దొరుకుతున్నాయి, విడిభాగాల సంగతైతే చెప్పక్కర్లేదు. డోర్ హ్యాండిల్ కింద వేసే రబ్బరు వాషర్ దగ్గర్నుంచి కొత్త ఫ్లోరు దాకా కేటలాగ్ చూసి ఆర్డర్ పెట్టుకోవచ్చు. కాలిఫోర్నియాలో మొదలైన డాన్‌చక్ కంపెనీకి ఈ మూడేళ్ల కార్ల పార్టులే పెద్ద వ్యాపారం. ఫ్లోరిడాలో రియల్ డీల్ స్టీల్ వాళ్లు ఏకంగా బాడీ మొత్తాన్ని కొత్త స్టీల్‌తో చేసి అమ్ముతారు. చాలా పాత కార్లకి ఈ భోగం లేదు.

1955 ఒక మలుపు కూడా. షెవర్లేకి చిన్న వీ8 ఇంజన్ ఆ ఏడే వచ్చింది, 265 ఘనపు అంగుళాలది. 6 వోల్టుల నుంచి 12కి మారింది ఆ ఏడే. బ్రేకు పెడల్ పైనుంచి వేలాడేలా, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు నూనెని చక్రాలకి తోసేది) ఇంజన్ వైపు గోడ మీదకి వచ్చిందీ ఆ ఏడే. 1954 వరకు డ్రైవ్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి తిరుగుతూ వెళ్లే కడ్డీ) ఒక గొట్టంలో మూసి ఉండేది, దానికి వేరే గేర్ బాక్స్ తగిలించాలంటే వెనక యాక్సిల్ దాకా మార్చాల్సిందే. 55లో షాఫ్ట్ బయటికి వచ్చింది. అంటే ఈరోజు మనం చేయించాలనుకునే మార్పుల్లో సగానికి ఆ కారు అప్పుడే సిద్ధంగా ఉంది. ఒక్క లోటు, ఆ మొదటి ఏడాది 265 బ్లాకులో ఆయిల్ ఫిల్టర్‌కి చోటే లేదు. ఒరిజినల్ ఇంజన్ ఉందని ఎవరైనా ఎక్కువ అడిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

మూడేళ్లలో ఏది? 57కి వెనక రెక్కల్లాంటి తోకలు, ఫొటోల్లో అందరూ చూసేది అదే, రేటూ దానికే ఎక్కువ. 56లో పెట్రోలు మూత ఎడమ వెనక లైటు వెనకాల దాక్కుని ఉంటుంది, పెట్రోలు బంకులో పిల్లలకి చూపించి ఏడిపించడానికి బాగుంటుంది. నాకు 55 ముందు జాలీ అంటే ఇష్టం. అది రుచికి సంబంధించిన విషయం, నడపడంలో మూడూ దాదాపు ఒకటే.

అసలు తేడా డోర్ల దగ్గర ఉంది. టూ-డోర్ హార్డ్‌టాప్ అంటే మధ్యలో స్తంభం లేకుండా కిటికీలు దింపితే ముందు నుంచి వెనక దాకా ఖాళీగా ఉండే కారు. చూడ్డానికి అందమే. కానీ ఆ స్తంభం లేకపోతే భుజం మీదుగా వచ్చే సీటు బెల్టు పైకొస దేనికి బిగిస్తారు? దానికి వేరే ఇనుము వెల్డింగ్ చేయించాలి. స్తంభం ఉన్న సెడాన్‌లో ఆ పని తేలిక, బాడీ కూడా గట్టిగా ఉంటుంది. ఇక నాలుగు డోర్ల సెడాన్‌ని కలెక్టర్లు కన్నెత్తి చూడరు. అదే మోడల్ టూ-డోర్ హార్డ్‌టాప్ రేటులో చాలా తక్కువకి వస్తుంది, పైగా ఆ రోజుల్లో కుటుంబాలు జాగ్రత్తగా వాడుకున్నవి కాబట్టి చెక్కుచెదరకుండా ఎక్కువ దొరుకుతాయి. అమ్మేటప్పుడు కూడా తక్కువే వస్తుంది కదా అంటారా, వస్తుంది. అమ్మడానికి కట్టించుకునేవాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపేయొచ్చు, ఎందుకంటే పెట్టిన డబ్బు తిరిగి రావడం ఏ కారుతోనైనా అరుదు. నలుగురైదుగురు ఎక్కాలనుకుంటే మాత్రం నాలుగు డోర్ల 210ని మించింది లేదు. వాకర్‌తో నడిచే మా అమ్మ అందులో తనంతట తను ఎక్కి కూర్చుంటుంది. సీటు సోఫా ఎత్తులో ఉంటుంది మరి.

ఇప్పుడు బావమరిది మెర్క్యురీ. 1949 నుంచి 51 వరకు వచ్చిన మెర్క్యురీ అంటే కస్టమ్ కార్ల లోకంలో దేవుడు. కాలిఫోర్నియాలో బారిస్ అన్నదమ్ములు, సామ్, జార్జ్, బాబ్ హిరోహాటా అనే ఆయన కోసం 1952లో చేసిన 51 మెర్క్యురీ ఇప్పటికీ ఆ శైలికి కొలబద్ద. 2022లో దాన్ని వేలం వేస్తే దాదాపు 20 లక్షల డాలర్లకి పోయింది. అది చూసి అందరికీ ఆశ పుడుతుంది. కానీ టాప్ కోయడం అంటే నాలుగు స్తంభాలు కోసి కిందికి దించడం కాదు. స్తంభాలు నిటారుగా ఉండవు, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. మధ్యలో ముక్క తీసేస్తే పై భాగం, కింది భాగం కలవవు. రూఫుని కోసి సాగదీయాలి, వెనక అద్దం వాలు మార్చాలి, పక్క అద్దాలన్నీ కొత్తగా కోయించాలి, డోర్ ఫ్రేములు మళ్లీ కట్టాలి. చేయి తిరిగిన పనివాడికే నెలలు పడుతుంది. సగం చేయి తిరిగినవాడు చేస్తే కారు జీవితాంతం నుదురు ముడేసుకున్నట్టు ఉంటుంది. ఒకసారి కోశాక వెనక్కి తీసుకోలేం.

దాని చిన్న తమ్ముడు 1949-51 ఫోర్డ్. డబ్బాలా ఉంటుందని షూబాక్స్ అంటారు. ధర తక్కువ, ఆకారం నున్నగా ఉంటుంది, కొద్దిపాటి మార్పులకే బాగా పలుకుతుంది. బానెట్ మీద, డిక్కీ మీద బొమ్మలు తీసి ఆ చిల్లులు పూడ్చి నున్నగా చేసి, హెడ్‌లైట్ల చుట్టూ అంచులు బాడీలో కలిపేసి, రెండంగుళాలు దించితే చాలు, జనం ఆగి చూస్తారు. రెంటికీ ఉన్న తలనొప్పులు మాత్రం ఒకటే: 6 వోల్టుల వైరింగ్, అదీ ప్లస్‌ని బాడీకి కలిపిన పద్ధతి, ఫ్లోరు కింద మాస్టర్ సిలిండర్, పాత ఫ్లాట్‌హెడ్ ఇంజన్ (వాల్వులు పైన హెడ్‌లో కాకుండా బ్లాకులోనే ఉండే రకం). ట్రై-ఫైవ్‌లో కేటలాగ్ చూసి కొనేవి ఇక్కడ చేయించుకోవాల్సి వస్తుంది. ఇద్దరు మనుషులు, వారాంతం, సాయంకాలం చల్లబడ్డాక అలా ఓ రౌండు, ఇదే మీ వాడకమైతే షూబాక్స్ తీసుకోండి, నేను అడ్డు చెప్పను.

పికప్‌లు, అంటే షెవర్లే 3100, ఫోర్డ్ ఎఫ్-100 లాంటివి, నేర్చుకోవడానికి మంచి బడి. రేకు సాదాగా ఉంటుంది, క్రోమ్ తక్కువ, చేతులు పట్టే చోటుంటుంది. ముగ్గురు మనుషులు ఇరుక్కుని కూర్చోవాలి, అంతే. క్యాబిన్ కింది మూలలు ముందు చూడండి, తుప్పు అక్కడే మొదలవుతుంది.

1958, ఆ తర్వాతి షెవర్లేలు, 59 క్యాడిలాక్, ఇవి మన పాత సినిమాల్లో జమీందారు మేడ ముందు ఆగే పడవ కార్ల జాతి. ఇంపాలా అనే పేరు 1958లోనే మొదలైంది, మన పెద్దవాళ్లలో చాలామందికి ఆ పేరు వింటే ఇప్పటికీ కళ్లు మెరుస్తాయి. కానీ 58 షెవర్లే నుంచి ఫ్రేము ఎక్స్ ఆకారంలోకి మారింది, రెండు పక్కలా పొడుగునా ఉండే కమ్మీలు లేవు. క్యాడిలాక్ క్రోమ్ ముక్కలు కొత్తవి అంత సులువుగా దొరకవు, పాతవాటికి పూత వేయించాలంటే బంపర్ ఒక్కటే కళ్లు తిరిగే బిల్లు తెస్తుంది. మొదటి కారుగా వద్దు.

చూడ్డానికి వెళ్లినప్పుడు

ఓక్లహోమాలో ఒక పొలం షెడ్డులో 56 షెవర్లే బెల్ ఎయిర్ హార్డ్‌టాప్ చూశాను. ఎరుపు, తెలుపు. అద్దంలా మెరిసిపోతోంది, వంగి మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. నా జేబులో ఫ్రిజ్ మాగ్నెట్ ఒకటి ఉంది, రంగు గీసుకోకుండా పల్చటి బనీను గుడ్డలో చుట్టి తెచ్చా. డోర్ మధ్యలో ఆనించగానే టక్కున పట్టుకుంది. మెల్లిగా కిందికి జరుపుతూ వచ్చా. అడుగు అంచుకి నాలుగు వేళ్ల ఎత్తులో ఉండగా పట్టు వదిలేసి నా అరచేతిలోకి జారిపడింది. ఇంకోసారి పెట్టా, మళ్లీ జారింది. అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. వెనక చక్రం పక్కన కూడా అంతే. డిక్కీలో మ్యాట్ ఎత్తితే తారు పూసి ఉంది. కింద పడుకుని లైటు వేసి చూస్తే రివెట్లు కొట్టిన అల్యూమినియం రేకు, దాని మీద పసుపు రంగు, సగం బాణం గుర్తు. ఎవరో రోడ్డు పక్క బోర్డు కోసి ఫ్లోరుకి మాసిక వేశారు. డోరు తెరిచి చివర పట్టుకుని పైకెత్తితే అర అంగుళం లేచింది. కీలు పిన్ను అరిగిందంటే పర్లేదు, కీలుని పట్టుకున్న స్తంభమే కింద కుళ్లిందంటే అది వేరే కథ. పైన పటారం, లోన లొటారం అని మా నాయనమ్మ అనేది సరిగ్గా దీన్నే. అమ్మేవాడు మాత్రం ఇప్పుడే రెస్టోర్ చేయించానని చెబుతున్నాడు. ఓ నమస్కారం పెట్టి వచ్చేశా.

చివరికి కొన్నది పశ్చిమ టెక్సాస్ నుంచి. రంగు వెలిసిపోయి సుద్దలా రాలుతోంది, సీట్లు చిరిగి స్ప్రింగులు బయటికొచ్చాయి, రబ్బర్లన్నీ ఎండిన మామిడి తాండ్రలా ఉన్నాయి. మాగ్నెట్ మాత్రం ఎక్కడ పెట్టినా పట్టింది. ఎండ తినేవి సీట్లు, రబ్బర్లు, పెయింటు. అవి ఎలాగూ మారుస్తాం. చలి రాష్ట్రాల్లో, ఒహాయో, మిషిగన్ లాంటి చోట్ల, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తినేది ఫ్రేముని, ఫ్లోరుని. కారు రెండు వేల డాలర్లు ఎక్కువైనా, ట్రక్కు కిరాయి పెట్టుకోవాల్సి వచ్చినా ఎండ రాష్ట్రాల కారు తెచ్చుకోండి.

ఇంకొకటి. జాకీ పెట్టి ఫ్రేముని ఒక పక్క లేపమనండి, లేపాక డోర్లు మూసి తెరవండి. సందులు మారిపోయి డోరు పట్టేస్తుంటే బాడీకి బలం లేదన్నమాట. అమ్మేవాడు జాకీకి ఒప్పుకోకపోతే అదీ సమాధానమే.

విప్పడం ఎంతవరకు

మూడు దారులున్నాయి, వాటిని కలపబోయి చెడేవాళ్లే ఎక్కువ. మొదటిది, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచి నడిచేలా చేయడం. రెండోది, బయటికి పాతగా, లోపల కొత్తగా, దీన్నే రెస్టోమాడ్ అంటున్నారు. మూడోది, ఆకారమే మార్చేసే కస్టమ్. మొదటిదానికి ఓపిక కావాలి, రెండోదానికి డబ్బు, మూడోదానికి మంచి కన్నున్న పనివాడు. మా బావమరిది దగ్గర డబ్బు ఉంది, ఓపిక లేదు, పనివాడు ఎవరో తెలీదు. మీరే తేల్చండి.

ఈ కార్లలో బాడీ, ఫ్రేము వేర్వేరు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడం చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, కింద ఛాసిస్, పైన బాడీ, మధ్యలో బోల్టులు. అందుకే బాడీ ఎత్తి పక్కన పెట్టి, కింద కొత్త ఫ్రేము తెచ్చి పెట్టేయండి అని సలహా ఇస్తారు. ఆర్ట్ మారిసన్, రోడ్‌స్టర్ షాప్ లాంటి కంపెనీల ఫ్రేములు బ్రహ్మాండంగా ఉంటాయి, కారు ఈ శతాబ్దపు కారులా మలుపు తిరుగుతుంది. కానీ దాని ధర కారు కొన్న ధరకి పోటీ వస్తుంది. బాడీ ఎత్తాక ఇంత ఎత్తాం కదా, ఇదీ చేద్దాం, అదీ చేద్దాం అని మొదలై కారు ముక్కలుగా అయిదేళ్లు పడుకుంటుంది. పాత ఫ్రేము తుప్పు లేకుండా ఉంటే ట్రై-ఫైవ్‌కి అదే చాలు. దాని ముందు సస్పెన్షన్ అప్పటికే విడివిడిగా ఆడే రకం, కొత్త బుష్షులు, బాల్ జాయింట్లు, ముందు డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్ బాక్స్ ఒకటి వేస్తే హైవే మీద హాయిగా పోతుంది. పాత పికప్‌ల ముందు యాక్సిల్ మాత్రం ఒకే ఇనుప దూలం. అక్కడైతే మస్టాంగ్ 2 రకం, అంటే చక్రాలు విడివిడిగా ఆడే ముందు సస్పెన్షన్ పెట్టించడం న్యాయమే.

బ్రేకుల దగ్గర మాత్రం బేరాల్లేవు. ఆ కాలపు కార్లలో మాస్టర్ సిలిండర్‌కి ఒకటే గది. నాలుగు చక్రాల్లో ఎక్కడ గొట్టం పగిలినా పెడల్ నేలకి పోతుంది, ఇక దేవుడే దిక్కు. రెండు గదుల సిలిండర్ వేయించండి, కారులో ఇంకేం మార్చకపోయినా సరే. షూబాక్స్, మెర్క్యురీ, పాత పికప్‌లలో సిలిండర్ ఫ్లోరు కింద, చక్రాల బ్రేకులకంటే దిగువన ఉంటుంది కాబట్టి నూనె వెనక్కి జారిపోకుండా లైనులో చిన్న వాల్వులు పెట్టాలి: డిస్కులకి 2 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ది, డ్రమ్ములకి 10 పీఎస్ఐది. ఇది మర్చిపోయి పెడల్ ఎందుకు రెండుసార్లు తొక్కాల్సి వస్తోందో అర్థంకాక తల పట్టుకునేవాళ్లు బోలెడు. ట్రై-ఫైవ్‌లో సిలిండర్ పైన ఉండటం వల్ల నూనె ఇలా జారిపోయే గొడవ లేదు.

పాత కార్లు ఇనుప కోటలు, ఇప్పటివి ప్లాస్టిక్ డబ్బాలు అనేవాళ్లు ప్రతి చుట్టాలింట్లో ఒకరుంటారు. 2009లో అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీల రోడ్డు భద్రతా సంస్థ తన యాభయ్యో ఏడాదికి ఒక పని చేసింది. 1959 షెవర్లే బెల్ ఎయిర్‌ని, 2009 షెవర్లే మాలిబూని గంటకు 40 మైళ్ల వేగంతో ఎదురెదురుగా, ముందు భాగంలో ఒక పక్క తగిలేలా గుద్దించింది. బెల్ ఎయిర్‌లో డ్రైవర్ కూర్చున్న చోటే నలిగి ముద్దయింది, మాలిబూ క్యాబిన్ నిలబడింది. అందుకే నాలుగు సీట్లకీ భుజం బెల్టులు, ఫ్లోరులో బోల్టులు దిగేచోట మందపాటి ప్లేట్లు వేయించా. పిల్లల సీటు కట్టుకోవడానికి ఇప్పటి కార్లలో ఉండే కొక్కేలు ఇందులో ఉండవు, ఆ బెల్టులతోనే కట్టాలి. వాన పడితే బయటికి తియ్యను.

సరే, ఇంజన్

మీరు కొన్న కారులో ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండి అది నడుస్తుంటే మొదటి ఏడాది దాన్నే నడపండి. గొప్ప వేగం ఉండదు, గొడవా ఉండదు. ఆ ఏడాదిలో కారుకి నిజంగా ఏం కావాలో మీకే తెలుస్తుంది. నేనైతే ఈ పని చెయ్యకుండా ఇంజన్ ముందే కొనిపెట్టుకున్నా, అది గ్యారేజ్‌లో రెండేళ్లు దుమ్ము తింది, వారంటీ పెట్టెలో ఉండగానే అయిపోయింది.

మార్చాలనుకుంటే పోటీ రెండింటి మధ్యే. ఒకటి 350 ఘనపు అంగుళాల చిన్న వీ8. 1955లో మొదలైన ఇంజన్ వంశమే, కొత్తది పెట్టెలో వస్తుంది, కార్బ్యురేటర్, ఒక వైరు తగిలిస్తే పనిచేసే డిస్ట్రిబ్యూటర్, అంతే. ఏ ఊళ్లో ఆగిపోయినా ఆటో పార్టుల షాపులో సామాను దొరుకుతుంది. రెండోది ఎల్ఎస్ వంశం, 1997 కార్వెట్‌తో వచ్చింది. అందులో ఎల్ఎస్3 అయితే 6.2 లీటర్లు, 430 గుర్రాలు. స్క్రాపు యార్డులో పికప్‌ల 5.3 లీటర్ల ఇనుప బ్లాకువి చవగ్గా దొరుకుతాయి. పొద్దున్నే తాళం తిప్పగానే అంటుకుంటుంది, మైలేజీ బాగుంటుంది, ఎండని లెక్కచేయదు. కానీ ఇంజన్ చవకన్నది అర్ధసత్యం. దానికి ట్యాంకులో పంపు, 58 పీఎస్ఐ పెట్రోలు లైను, కంప్యూటర్, వైరింగ్, వేరే ఆయిల్ పాన్, ఎగ్జాస్ట్ గొట్టాలు, ఇవన్నీ కలిపి ఇంజన్ ధరని దాటిపోతాయి. ఎల్ఎస్ పెట్టేవాళ్లకి ఓ చిట్కా, ట్రై-ఫైవ్‌లో ఆరు సిలిండర్ల కార్లకి రేడియేటర్ ఇంకాస్త ముందుకి బిగించేవాళ్లు. దాన్ని ఆ చోట పెడితే ఫ్యాన్‌కి, బెల్టులకి జాగా వస్తుంది.

నేను 350 వేశా. నాకు స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోగలిగింది కావాలి, లాప్‌టాప్ పగలంతా ఆఫీసులో చూస్తూనే ఉన్నా. దాని శిక్ష కూడా అనుభవిస్తున్నా: జులైలో 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే, ఇథనాల్ కలిపిన పెట్రోలు కార్బ్యురేటర్‌లో మరిగి ఇంజన్ ఓ నిమిషం దగ్గుతుంది. రోజూ ఆఫీసుకి తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఎల్ఎస్ పెట్టుకోండి, పెట్రోలు వాసన బట్టలకి అంటితే ఇష్టపడేవాళ్లు 350. ఫ్లాట్‌హెడ్ సంగతంటారా, ఆ శబ్దం ఇంకే ఇంజన్‌కీ రాదు. కానీ అందులో పొగ బ్లాకు మధ్యలోంచి బయటికి పోతుంది, అందుకే వేడెక్కుతుంది, బ్లాకు పగుళ్లు చూడకుండా కొనకండి. ఏసీ పెట్టి డాలస్ ట్రాఫిక్‌లో నడపాలంటే అది కాదు.

ఇంజన్ కంటే హాయినిచ్చేది గేర్ బాక్స్. లెక్క చూడండి. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.55, టైరు ఎత్తు 26 అంగుళాలు, వేగం 70 మైళ్లు. డైరెక్ట్ గేర్‌లో ఇంజన్ నిమిషానికి 3200 చుట్లు తిరుగుతుంది, మాట వినపడదు. 700ఆర్4 (జనరల్ మోటార్స్ ఆటోమేటిక్) లాంటి ఓవర్‌డ్రైవ్ బాక్స్‌లో ఆఖరి గేరు 0.70 కాబట్టి అదే వేగంలో 2250. ఆస్టిన్ దాకా మాట్లాడుకుంటూ వెళ్లొచ్చు. ఒక్క హెచ్చరిక, 700ఆర్4కి కార్బ్యురేటర్ నుంచి ఒక కేబుల్ వెళ్తుంది. అది గేరు పడటానికే కాదు, లోపలి నూనె ఒత్తిడికి కూడా. దాన్ని సరిగా అమర్చకుండా నడిపితే కొత్త బాక్స్ కొద్ది మైళ్లకే మాడిపోతుంది.

ఏసీ, వైరింగ్ గురించి రెండు ముక్కలు: గుడ్డ చుట్టిన పాత వైర్లు ఒక్కటి కూడా ఉంచకండి, కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం వేయించండి. వింటేజ్ ఎయిర్ లాంటి ఏసీ కిట్ పెట్టాలంటే 12 వోల్టులు, గట్టి ఆల్టర్నేటర్ తప్పవు. ఫ్లోరుకి, రూఫుకి వేడి ఆపే షీటు వేయకుండా ఏసీ పెడితే రేకుల షెడ్డులో కూలర్ పెట్టినట్టే.

ఎవరు కట్టాలి

మా వైపు షాపులు గంటకి 100 డాలర్లకు పైనే అడుగుతున్నాయి. కారు మొత్తం విప్పి కట్టాలంటే వెయ్యి గంటలు సునాయాసంగా దాటుతుంది. గుణించుకోండి. అందుకే ఎవరో మోజుపడి కట్టించుకుని అమ్ముకుంటున్న కారు కొనడం అన్నిటికంటే చవక, ఈ మాట చెబితే మా బావమరిదికి కోపం వచ్చింది. కట్టించినాయన పెట్టిన దాంట్లో సగానికి వస్తుంది, మాగ్నెట్ మాత్రం తీసుకెళ్లండి. ఎవరో సగం విప్పి వదిలేసిన కారు మాత్రం వద్దు, ఏ ముక్క లేదో కొన్న రెండేళ్లకి గానీ తెలీదు.

నేను మధ్యేమార్గం పట్టా, మెకానికల్ పని నాది, టింకరింగ్, పెయింటు షాపుది. మొదట ఇచ్చిన షాపు (పేరెందుకులెండి) సగం డబ్బు ముందే తీసుకుని పద్నాలుగు నెలలు ఉంచుకుంది. ఒక శనివారం చెప్పకుండా వెళ్లి చూస్తే నా కారు రూఫు మీద ఇంకెవరివో బంపర్లు ఆరబెట్టి ఉన్నాయి, నా క్రోమ్ పట్టీల క్లిప్పుల సంచి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. రెండో షాపుతో పద్ధతి మార్చా. పెద్ద అడ్వాన్స్ లేదు, రెండు వారాలకోసారి చేసిన గంటలకి బిల్లు, దానితో పాటు ఫొటోలు. ఏ బోల్టు విప్పినా జిప్ సంచిలో వేసి, ఆవకాయ జాడీ మీద సంవత్సరం రాసినట్టు, ఎక్కడిదో, ఎప్పుడు తీశామో రాసి నేనే ఇంటికి తెచ్చుకున్నా.

పెయింటుకి ముందు కారు మొత్తం ఒకసారి బిగించి, పచ్చి రేకుతోనే 500 మైళ్లు నడపండి. ఎక్కడ ఏది ఒరుసుకుంటుందో, ఏ బ్రాకెట్ మళ్లీ వెల్డింగ్ చేయాలో అప్పుడే తెలుస్తుంది. పెయింటు అయ్యాక వెల్డింగ్ మిషన్ చప్పుడు వింటే కడుపులో దేవుతుంది, అనుభవంతో చెబుతున్నా.

కాగితాల సంగతి: టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరు, కారు మీది (ట్రై-ఫైవ్‌లో డ్రైవర్ డోరు కీలు స్తంభం మీద ఉండే) ప్లేటు నంబరు ఒకటేనా అని డబ్బివ్వక ముందే చూడండి. తేడా ఉంటే ఎంత మంచి కారైనా వదిలేయండి. టెక్సాస్‌లో యాంటిక్ ప్లేటు చవకే గానీ షోలకి, ఊరేగింపులకి తప్ప మామూలుగా తిరగడానికి కాదు, క్లాసిక్ ప్లేటు తీసుకోండి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు కార్లకి పొగ పరీక్ష లేదు. ఇన్సూరెన్స్ ముందుగా విలువ ఒప్పుకుని రాసేది, హాగర్టీ లాంటి వాళ్లది తీసుకోండి, మామూలు పాలసీ వాడు డెబ్బై ఏళ్ల కారుకి ఇనుము ధర కడతాడు.

గ్యారేజ్ కొలిచారా? 55 షెవర్లే 196 అంగుళాలు, మెర్క్యురీ 207, 59 క్యాడిలాక్ 225. మా బావమరిది గ్యారేజ్ లోతు 20 అడుగులే, అందులో గోడ వెంట బియ్యం బస్తాలు, ఇండియా సూట్‌కేసులు, పచ్చళ్ల ఫ్రిజ్. మెర్క్యురీ మాట ఎత్తడం మానేశాడు, నిన్న న్యూ మెక్సికోలో ఉన్న ఒక నాలుగు డోర్ల 210 ఫొటోలు పంపాడు. మాగ్నెట్ కొరియర్ చేశా. ఫ్రిజ్ ఎక్కడికి జరపాలో మా చెల్లెలు ఇంకా ఒప్పుకోలేదు.